అడ్డం పెట్టిన చెయ్యి

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా గుజరాతీల పెళ్లంటే వడ్డనకి జసుమతిబెన్ ఉండాల్సిందే. ఎవరైనా కంచానికి చెయ్యి అడ్డం పెడితే, ఆ వేళ్లు తప్పించి మరీ పూరీ పడేసేది. "వద్దంటే మానేసేవాళ్లు వడ్డనకి రాకూడదు" అనేది.

ఆమె పుట్టినరోజని కొడుకు ధీరజ్ ఆమెనీ, పక్కింటిదాన్నని నన్నూ బెల్‌గ్రేవ్ రోడ్డులో కొత్తగా తెరిచిన శాకాహార బఫేకి తీసుకెళ్లాడు. ఆమె కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఖాళీ కంచాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, వరసలో నిలబడ్డవాళ్లకేసి చూస్తూనే ఉంది.

"వెళ్లి నీక్కావలసింది పెట్టుకోమ్మా" అన్నాడు ధీరజ్, డోక్లా నములుతూ.

"పిలవకుండా వెళ్లి గిన్నెలో చెయ్యి పెట్టడానికి నేనేమన్నా పిల్లినట్రా?"

"డబ్బు కట్టాం కదమ్మా."

"కడితే? రా, తిను అన్నవాళ్లేరీ?"

నాకు ఒళ్లు మండింది. నా పళ్లెంలో కఢీ చల్లారిపోతోంది, ఈవిడకేమో మర్యాదలు కావాలి. విసురుగా లేచి, ఓ గిన్నెలో జిలేబీలు వేసుకొచ్చి ఆమె కంచం మీదికి వంగాను.

"చాలు, చాలు, ఇక పట్టదు" అంటూ ఆమె ఆ ఖాళీ కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

చూస్తే, ఆ వేళ్ల మధ్య జిలేబీ పట్టేంత సందు ఉంది.