బెర్లిన్‌లో అమ్మ మాట

బెర్లిన్‌లో ఒక పాత వీధిని దాదాపు మూడు వందల ఏళ్ల కిందట మతం కోసం పారిపోయి వచ్చిన చెక్ కుటుంబాలు కట్టుకున్నాయట. అక్కడి చిన్న మ్యూజియంలో నాకీ సంగతి చెప్పిన పెద్దావిడదీ ఆ వంశమే.

అంతలో మా ఊరు పీలమేడు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఏం కన్నూ, తింటివా?"

ఏ భాష అని పెద్దావిడ అడిగింది. తెలుగు, మావాళ్లు తమిళనాడు వచ్చి నాలుగైదు వందల ఏళ్లయినా ఇంట్లో ఇదే మాట్లాడతాం అన్నాను.

"మా చెక్ భాష పోయింది. తాతల సమాధుల మీది రాతలు కూడా నేను చదవలేను. అమ్మగారిని ఇంకొంచెం మాట్లాడించండి" అంది.

స్పీకర్ పెట్టి, "ఏమన్నా మాట్లాడుమా" అన్నాను.

"నేనేం మాట్లాడేది? ఈడ కరెంటు లేదు. దోశమావు పులిసిపోతా ఉండాది."

బడిలో తమిళం తప్ప చదవని మా అమ్మ గొణుగుడును ఆవిడ చేతులు కట్టుకుని పాఠంలా వింది. ఫోన్‌ను అంత గర్వంగా నేనెప్పుడూ పట్టుకోలేదు.