పట్టుబడిన జియోఫాక్

కామెరూన్ దేశపు మా పడమటి కొండల్లో తండ్రి పోయినప్పుడు పిల్లలు ఏడుస్తూనే ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. వారసుడెవరో తండ్రి బ్రతికి ఉండగానే ఇద్దరు ముగ్గురు పెద్దల చెవిన వేసి పోతాడు. ఆ పేరు గలవాడికి మాత్రం తెలియనివ్వడు. కర్మనాడు అందరిలో ఉండగా పెద్దలు వచ్చి వాణ్ణి ఒడిసి పట్టుకుంటారు. 'వారసుడయ్యాడు' అనరిక్కడ, 'పట్టుబడ్డాడు' అంటారు. జీవితమంతా వ్యాకరణం చెప్పిన నాకు ఇంతకంటే నిజాయితీ గల క్రియాపదం ఏ భాషలోనూ తారసపడలేదు.

జియోఫాక్ లారీ డ్రైవరు. దువాలా ఓడరేవు జిగట గాలిలో బయలుదేరి, అడవుల ఎర్రబురద దాటి, ఎన్‌గావుందేరే పీఠభూమి చలిలో ఒక టీ తాగి, ముళ్ళతుమ్మలూ పశువుల మందలూ నిండిన ఉత్తరాన మరువా దాకా పోయి వచ్చేవాడు. ఉత్తరాదివాళ్ళ ఫుల్ఫుల్దే భాషలో బేరమాడి, ఫ్రెంచిలో పోలీసులను బతిమాలి, మా కొండభాషలో తిట్టేవాడు. తిట్టడానికి మాతృభాషను మించినది లేదని పండితులెవరైనా సిద్ధాంతీకరించారో లేదో నాకు తెలియదు, సిద్ధాంతీకరించవలసిన విషయమే.

తండ్రి తేమ్‌గువా పోయిన కబురు అందేసరికి అతడు ఉల్లిపాయల లోడుతో దిగివస్తున్నాడు. లారీని మా ఊరి రోడ్డుపక్కన, పల్లం వైపు ముఖం పెట్టి ఆపాడు. తండ్రికి మట్టి వేయడం, శోకనృత్యంలో ఒక చుట్టు తిరగడం, వెళ్ళిపోవడం, ఇదీ అతని ఆలోచన. పెద్దన్న కెన్‌ఫాక్ పురపాలక సంఘంలో గుమస్తా. నీలిరంగు నేతవస్త్రం కొత్తది కట్టుకుని అప్పటికే ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు.

"మీకెందుకు మాస్టారూ దిగులు? ఇంటిపట్టున ఉండనివాణ్ణి ఎవడు పట్టుకుంటాడు? మా నాన్న ముసలాడేగాని పిచ్చివాడు కాడు," అన్నాడు జియోఫాక్ నాతో.

మేనత్త మెజాతియో వింది. "పట్టుకోకపోతే ఆ కంచె వారన కోళ్ళదొంగలా నక్కావేమిట్రా? ముందుకొచ్చి ఏడువు!"

పెద్దలు ముంగిలి చుట్టూ తిరిగారు. కెన్‌ఫాక్ సగం లేచాడు. వారు అతణ్ణి దాటిపోయారు. కంచె దగ్గర జియోఫాక్ భుజంపై చేయి పడింది.

"వదలండి బాబాయ్! లారీలో ఉల్లిపాయలున్నాయి, కుళ్ళిపోతాయి!"

"కుళ్ళనీరా. మీ నాన్న మాట కుళ్ళకూడదు."

"పెద్దన్నయ్య ఉన్నాడుగా! కావాలంటున్నాడుగా!"

"కావాలన్నవాడికల్లా వడ్డించడానికి ఇదేమన్నా విందులో మాంసమట్రా?"

ఎర్రని చెక్కపొడి ఒంటికి పూశారు. తుపాకులు పేల్చారు. ఆపై కొన్ని వారాలు చీకటి గుడిసెలో ఉంచారు. లారీని వేరెవరో తోలుకుపోయారు.

బయటికి వచ్చినవాడి పేరు జియోఫాక్ కాదు, తేమ్‌గువా. తండ్రి పేరూ, పీటా, ఇంట భద్రపరిచిన పూర్వీకుల పుర్రెలకు నూనె, ఉప్పు సమర్పించే హక్కూ అతనివే. ఆ పని మరొక చేయి చేయరాదు. మొన్నటిదాకా 'ఒరే' అన్న కన్నతల్లి ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడి, "భోంచేస్తారా, అయ్యా?" అనేది.

"అమ్మా, ఒక్కసారి తిట్టవే."

"తిట్టకూడదయ్యా. ఇంటికి కీడు."

వాకిటికి తలుపు లేదు, తాళం లేదు. ఎవరూ అడ్డగించలేదు. అదే అతణ్ణి ఎక్కువ బాధించేది. సవతి చెల్లెళ్ళ చేమదుంప మళ్ళ తగవులు తీరుస్తూ, దూరాన ఎత్తెక్కుతున్న లారీల మూలుగు వినబడగానే మాట మధ్యలో ఆగిపోయేవాడు.

ఒక్క ఆశ మాత్రం మిగిలింది. తోబుట్టువులందరూ వంగి, చప్పట్లు చరిచి, 'నాన్నా' అని పిలిస్తేనే వారసత్వం పూర్తి అవుతుంది. కెన్‌ఫాక్ పిలవలేదు, ఆ వాకిలే తొక్కలేదు.

వానలు మళ్ళీ మొదలైన ఒక ఉదయం బస్సు ఆగేచోట కొత్త తేమ్‌గువా సంచితో కనిపించాడు. దువాలాలో ఒక యజమాని బండి ఇస్తానన్నాడట.

"అన్నయ్య ఒప్పుకోనంతకాలం నేను సగమే మాస్టారూ. సగం మనిషి ఎక్కడికైనా పోవచ్చు. ఆ పీట ఆయన్నే తీసుకోమనండి."

బస్సు వచ్చింది. సంచి పైకెక్కింది. అతడు మెట్టు మీద కాలు పెట్టేసరికి కెన్‌ఫాక్ చెప్పులు లేని కాళ్ళతో, బురద చిమ్ముతూ పరుగెత్తుకుంటూ వచ్చాడు. పరిహసించడానికి వచ్చాడేమో అనుకున్నాను. నెరిసిన తల వంచి రెండుసార్లు చప్పట్లు చరిచాడు.

"నాన్నా! మా అమ్మాయి ఆసుపత్రిలో నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. కడుపు కోసి తీయడానికి సిద్ధం చేస్తున్నారు. పూర్వీకుల పుర్రెల ముందు మీరొక మాట చెప్పాలి."

కండక్టరు కసురుకున్నాడు. "ఎక్కుతారా, దిగుతారా పెద్దాయనా? ఇది మీ ఇంటి అరుగు కాదు!"

"ఇన్నాళ్ళూ పిలవలేదు. ఇవాళే పిలవాలా అన్నయ్యా?"

"అన్నయ్యా అనకండి," అన్నాడు కెన్‌ఫాక్, తల ఎత్తకుండానే.

కాలు నేలకు దిగింది. కండక్టరు విసిరిన సంచి బురదలో పడింది. అతడు దాని వైపు చూడనైనా చూడక ఇంటి దారి పట్టాడు. కెన్‌ఫాక్ ఆ సంచిని తన నెత్తిన పెట్టుకుని, తండ్రి వెనుక నడిచే కొడుకులా, నాలుగు అడుగుల ఎడంగా అనుసరించాడు.