ఏడు రోజుల గొంతు

ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు బాబాయి ఫోన్‌ను తెల్ల కేబుల్‌తో తన ల్యాప్‌టాప్‌కు తగిలించే ఆచారాన్ని ఇంజినీరమ్మ ఎప్పుడు ప్రారంభించిందన్న విషయంలో భావి చరిత్రకారులు తగువులాడుకోవలసిన పని లేదు. కిందటి ఏడాది వానలు వెనకబట్టాక వచ్చిన మొదటి ఆదివారం. స్థలం, పిన్నిగారి వంటింటి బల్ల. సాక్షులు: పిన్ని, సగం తరిగిన కూరగాయలు, స్క్రూ ఒకటి ఊడి కిర్రుమంటున్న ఫ్యాను. ఆ తర్వాత ఎన్నో ప్రభుత్వాలు మాట తప్పాయి, ఎందరో మహానుభావులు పార్టీలు మారారు. ఈ ఆచారం మాత్రం ముప్ఫై ఒక్క ఆదివారాలు ఒక్కటి తప్పకుండా సాగింది. ఇంజినీరమ్మకు జ్వరం వచ్చిన వారం కూడా, కంబళి కప్పుకుని వచ్చి మరీ తగిలించి వెళ్ళింది.

ఇది భక్తి కాదు. ఫోన్ల కంపెనీవారి ఏర్పాటు. కంపెనీ దుకాణంలో లేని యాప్‌ను ఎవరైనా సొంతంగా రాసుకుని, సొంత డబ్బుతో కొనుక్కున్న ఫోన్లో పెట్టుకుంటే, దానికి ఏడు రోజుల ఆయుష్షు. ఎనిమిదో రోజున నొక్కితే తెరుచుకోదు. మళ్ళీ కేబుల్ తగిలించాలి, మళ్ళీ కంపెనీవారి అధికారిక పనిముట్టును తెరవాలి, అది దయతలిస్తే మరో ఏడు రోజులు. ఏడే ఎందుకు, తొమ్మిది ఎందుకు కాదు అంటే చెప్పే నాథుడు లేడు. పాలప్యాకెట్టుకైనా ఒక కారణం ఉంటుంది, విరిగిపోతుందని.

ఈ యాప్ పిల్లలు ఆడుకునేది కాదు. బాబాయి నోరు.

బాబాయి ముప్ఫై ఏళ్ళు డ్రైవింగ్ నేర్పాడు. ఆయన "బ్రేక్!" అంటే నేర్చుకునేవాళ్ళే కాదు, పక్కన వెళ్ళే సైకిళ్ళు కూడా ఆగేవి. తొమ్మిది నెలల కిందట గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు దాన్ని తీసేస్తూ స్వరపేటికను కూడా తీసేశారు. మనిషి బతికాడు, మెడకు రుమాలు చుట్టుకుని తిరుగుతున్నాడు, మాట మాత్రం పోయింది. అన్న కూతురైన ఇంజినీరమ్మ రెండు వారాలు కూర్చుని ఒక యాప్ రాసిచ్చింది. తెరమీద ఇరవై రెండు మీటలు. నొక్కితే మాట పలుకుతుంది. టీ, ఫ్యాను, సరే, వద్దు లాంటి ఇంటిమాటలు కొన్ని. క్లచ్, ఎడమకి, నిదానం, బ్రేక్ లాంటి వృత్తిమాటలు కొన్ని. యంత్రం గొంతు పెట్టి చూస్తే "బ్రేక్" అన్నది వాతావరణ సూచన చదువుతున్నట్టు వినిపించింది. అందుకని పిన్ని చేత రికార్డు చేయించారు. అలా బాబాయి పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళకు పిన్ని గొంతుతో మాట్లాడడం మొదలుపెట్టాడు. పిన్ని ఏదైనా విషయం మీద ధాటిగా అందుకుందంటే, ఆయన తాపీగా ఒక మీట నొక్కేవాడు. "బ్రేక్! బ్రేక్ అన్నానా!" అని ఆమె గొంతే ఆమెను అదిలించేది.

"నా గొంతుతో నన్నే తిడతారా? అమ్మాయ్, ఆ మీట తీసెయ్!"

"తీయలేను పిన్నీ. అది బతుకుతెరువు మీట."

ఇంజినీరమ్మకు ఆ పేరు రావడానికి మూలపురుషుడు కూడా బాబాయే. ఆమెకు పద్దెనిమిదేళ్ళప్పుడు మూడు నెలలు కారు నేర్పి, రెండు గేట్లు, ఒక పూలకుండీ పోయాక, నలుగురిలో ప్రకటించాడు: "నువ్వు కంప్యూటర్లు నడుపుకో తల్లీ. అవి గోడల్ని గుద్దవు." ఆమె కంప్యూటర్లు చదివింది. ఇప్పుడు ముప్ఫై తొమ్మిదేళ్ళు. కళ్ళజోళ్ళ షాపు మీద మొదటి అంతస్తులో నలుగురు మనుషులుండే ఆఫీసులో, మందుల షాపులకు యాప్‌లు రాస్తూ పద్నాలుగేళ్ళు గడిపింది. కంప్యూటర్లు గోడల్ని గుద్దవన్నది నిజమే. వాటిని నడిపేవాళ్ళ చేత గుద్దిస్తాయి.

బాబాయి యాప్‌ను కంపెనీ దుకాణంలో పెట్టించాలని ఆమె ప్రయత్నించకపోలేదు. మూడు రోజుల తర్వాత జవాబు వచ్చింది: "మీ శ్రమను గౌరవిస్తున్నాం. ఈ యాప్ తగినంత ప్రయోజనకరంగా లేదు." ఒక మనిషి మాట్లాడగలగడం తగినంత ప్రయోజనం కాదన్నమాట. పిల్లి ఫోటోలకు టోపీలు తొడిగే యాప్‌ను ఆ వారమే దుకాణం ముందువరసలో నిలబెట్టారు. ఏడాది చెల్లే అనుమతి కావాలంటే గుర్తింపు కార్డు ఫోటో పంపాలి. నాలుగుసార్లు పంపింది, స్పష్టంగా లేదని నాలుగుసార్లు తిరిగొచ్చింది. ఐదోసారి బల్లమీద పెట్టి, రెండు దీపాలు వేసి, పెళ్ళిచూపుల ఫోటోకు కూడా తీసుకోనంత శ్రద్ధతో తీసి పంపింది. దానికి జవాబే లేదు. చివరికి ఆదివారాలే దిక్కయ్యాయి.

ఇలా సాగుతుండగా రవాణా కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. దీర్ఘకాలపు అనారోగ్య సెలవు తర్వాత శిక్షకుడి శారీరక అర్హతను మంగళవారం పది గంటలకు వాహనంలో పరీక్షిస్తారని, అర్హత లేనిచో లైసెన్సు రద్దవుతుందని. పిన్ని కాగితాన్ని చదివి, మడిచి, తీర్పు చెప్పింది.

"గొంతు చూడ్డానికే పిలిచారు. మాట రానివాడు డ్రైవింగ్ ఎలా నేర్పుతాడని అడుగుతారు. యాప్ చూపించాలి, అంతే."

ఎవరూ కాదనలేదు. లైసెన్సు పోతే రెండు జతల పెడళ్ళున్న ఎర్ర కారు అమ్మేయాలి. బాబాయి ఇంట్లోనే ఉండిపోవాలి. ఇంట్లో ఉండడమంటే ఏమిటో పిన్నికి తెలుసు. ఆమె గది ఊడుస్తుంటే ఆయన వెనక నిలబడి "ఎడమకి, ఎడమకి" అని మీట నొక్కుతున్నాడు.

"ఆయన మళ్ళీ ఆ కారెక్కకపోతే నేను ఈ ఇల్లు దిగిపోతాను" అంది పిన్ని. బాబాయి నవ్వలేదు. రాత్రిళ్ళు ఆయన షెడ్డులో కారు తలుపు తీసి, తన సీట్లో కాసేపు కూర్చుని వస్తున్న సంగతి ఇద్దరు ఆడవాళ్ళకూ తెలుసు. తెలిసినట్టు ఆయనకు తెలియనివ్వలేదు.

పరీక్షకు ముందు ఆదివారం, తొమ్మిది గంటలకు, ఇంజినీరమ్మ కేబుల్ తగిలించింది. అధికారిక పనిముట్టు కాసేపు చక్రం తిప్పి ఇలా సెలవిచ్చింది: ఈ ఫోన్‌ను నేను ఎరగను.

శుక్రవారం ఛార్జింగులో ఉండగా ఫోన్ ఎవరినీ అడక్కుండా తనంతట తాను అప్‌డేట్ అయి కొత్త అవతారం ఎత్తింది. ఫోన్ చేసినదీ, పనిముట్టు చేసినదీ ఒకే కంపెనీ. ఒక తల్లి పిల్లలే, అయినా మొహాలు చూసుకోవు. కొత్త ఫోన్‌కు కొత్త పనిముట్టు కావాలి. కొత్త పనిముట్టు ల్యాప్‌టాప్‌లో కొత్త ఆపరేటింగ్ వ్యవస్థ ఉంటే తప్ప గడప దాటదు. కొత్త వ్యవస్థకు ల్యాప్‌టాప్‌లో చోటు లేదు. చోటంతా ఏమైందని ఆమె వెతికింది. పాత పనిముట్టు తన ప్రయోగాల కోసం లోపల ఉత్తుత్తి ఫోన్లు పదిహేడు పెంచుతోంది. వాటిలో ఒకటి తయారవడం మానేసి ఆరేళ్ళయింది. పదిహేడింటినీ ఆమె ఒక్కొక్కటిగా, పేరు చదివి మరీ, చెరిపేసింది.

ఈలోగా బాబాయి యాప్ ఆయుష్షు తీరింది. ఆయన టీ మీట నొక్కాడు. తెర నల్లగా మెరిసి మూసుకుపోయింది. ఇంకోసారి నొక్కి, ఫోన్‌ను బల్లమీద బోర్లాపెట్టి, పలక తెచ్చుకున్నాడు.

కొత్త వ్యవస్థ దిగుమతి కావడానికి పదకొండు నిమిషాలు పడుతుందని తెర చెప్పింది. మధ్యాహ్నం రెండింటికి కూడా అదే పదకొండు నిమిషాలు. ఇంత నిలకడగా ఒకే మాట మీద ఉన్నవాణ్ణి ఇంజినీరమ్మ జీవితంలో చూడలేదు.

"ఏమంటోందే?" అంది పిన్ని.

"పదకొండు నిమిషాలంటోంది."

"మీ బాబాయి కూడా అంతే. సబ్బు తేవడానికి వెళ్తే పది నిమిషాలనేవారు."

బాబాయి పలక మీద రాసి చూపించాడు: తెచ్చేవాణ్ణి కదా.

సోమవారం ఆమె ఆఫీసుకు ఫోన్ చేసి సెలవడిగింది. ఆఫీసు యజమాని నీళ్ళు నమిలాడు. "మరి మన మందుల షాపు యాప్ కూడా తెరుచుకోవట్లేదట కదమ్మా?"

"అదే జబ్బు సార్. ఇక్కడ మందు దొరికితే అక్కడా పోస్తాను. మీ పనే చేస్తున్నాననుకోండి."

కొత్త పనిముట్టు ఎట్టకేలకు తెరుచుకుంది. ఏటా కొత్తది వస్తుంది, ఏటా కంపెనీవారు వేదికెక్కి ఇది మీ జీవితాన్ని సులువు చేస్తుందంటారు, ఏటా మూలనున్న మీటను తీసుకెళ్ళి ఇంకో మూల పెడతారు. ఆమె మీట వెతికి నొక్కింది. తెలియని కారణం వల్ల విఫలమైందని జవాబు. తయారుచేసిన వాడికే తెలియని కారణాన్ని ఎర్ర అక్షరాల్లో ప్రకటించడానికి కూడా ధైర్యం ఉండాలి. అధికారిక పత్రం తీసి చూస్తే, సెట్టింగుల్లో "నిర్మాతల మీట" ఒకటుంటుంది, దాన్ని వేయండి అని ఉంది. సెట్టింగులన్నీ గాలించింది. లేదు. ఇదే ఇబ్బంది గురించి మూడేళ్ళ కిందట ఆమె కంపెనీకి ఫిర్యాదు పంపింది. వెళ్ళి చూస్తే ఆ ఫిర్యాదు ఇంకా కులాసాగా ఉంది. పక్కనే ఒక గమనిక: ఇలాంటి ఫిర్యాదు చేసినవారు పదిమందికి తక్కువ. తక్కిన లక్షలమంది ఫిర్యాదు చేయడం దండగని తెలిసినవాళ్ళయి ఉంటారు.

మూడింటికి సంగతి బయటపడింది. ఆ మీట సెట్టింగుల్లో ఉంటుంది గానీ, పనిముట్టు ఒకసారి ప్రయత్నించి విఫలమైతే తప్ప కనిపించదు. విఫలమయ్యాక కూడా ఫోన్‌ను ఆపి వెలిగించాలి. అంటే ఓటమి ఇక్కడ లోపం కాదు, ప్రవేశ రుసుము. పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్న ఇంజినీరు ఒకటిన్నర రోజు తలబద్దలు కొట్టుకుని కనిపెట్టిన మహాసత్యం ఇది. దీన్ని కంపెనీవారు ఒక్క వాక్యంలో రాయవచ్చు. రాస్తే వాళ్ళ సొమ్మేం పోయిందో తెలియదు.

మీట వేసింది. యాప్ ఫోన్లోకి ఎక్కింది. బాబాయి నొక్కబోయాడు. ఫోన్ అడ్డుపడి ఆయన్ను ఒక ప్రశ్న అడిగింది: ఈ యాప్‌ను రాసిన వ్యక్తిని మీరు నమ్ముతున్నారా?

బాబాయి ప్రశ్నను రెండుసార్లు చదివాడు. అన్న కూతురి వంక చూశాడు. పలక అందుకున్నాడు.

స్టీరింగు దగ్గర తప్ప.

"బాబాయ్! ఇప్పుడు హాస్యాలా? నొక్కు ముందు!"

నొక్కాడు. "టీ" అని పిన్ని గొంతు వినిపించింది. "ఇప్పుడే కదా తాగారు" అని అసలు పిన్ని వంటింట్లోంచి బదులిచ్చింది. ఇంజినీరమ్మ ల్యాప్‌టాప్ మూసి దాని మీద తల పెట్టుకుంది.

మంగళవారం పది గంటలకు రవాణా కార్యాలయం వెనక మైదానంలో ఎర్ర కారు నిలబడింది. స్టీరింగు ముందు పళ్ళ డాక్టరు కూర్చుంది. బాబాయి జబ్బుపడ్డప్పటికి ఆమె సగం నేర్చుకుని ఉంది, తొమ్మిది నెలలూ ఆగింది. "ఇంకోచోట చేరాను. అక్కడ ఆయనెవరో మర్యాదగా మాట్లాడుతున్నాడు. భయం పోయి బండి రావట్లేదు" అని చెప్పుకుంది. పక్కన బాబాయి, కొత్త రుమాలు, మోకాలి మీద ఫోన్. వెనక సీట్లో ఇనస్పెక్టరు. సాంకేతిక సిబ్బంది హోదాలో ఇంజినీరమ్మ, గోళ్ళు కొరుకుతూ.

"క్లచ్. క్లచ్ వదలండి, నిదానం" అంది పిన్ని గొంతు. ఇనస్పెక్టరు ఉలిక్కిపడి కారులో ఇంకో ఆడమనిషి ఎక్కడుందా అని చూశాడు. కారు కదిలింది. "ఎడమకి." తిరిగింది. "ఇంకా ఎడమకి, నిద్రపోతున్నారా?" ఇంకా తిరిగింది. పళ్ళ డాక్టరు మొహంలో తొమ్మిది నెలల నాటి భయం తిరిగొచ్చి కాంతి పుట్టింది. రోగులు ఆమె కుర్చీలో కూర్చుని చూసే చూపు అలాగే ఉంటుంది కాబోలు. ఇంజినీరమ్మ గోళ్ళు కొరకడం ఆపింది.

మైదానం చివర ఇనప స్తంభం ఎదురైంది. పళ్ళ డాక్టరు దాని వైపే నమ్మకంగా సాగిపోతోంది. బాబాయి బొటనవేలు బ్రేక్ మీట మీదికి దిగింది. సరిగ్గా ఆ క్షణంలో తెర మీద తెల్లటి పెట్టె ఒకటి లేచి మీటలన్నిటినీ కప్పేసింది. కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉంది. ఇప్పుడు వేయమంటారా, రాత్రికి వేయమంటారా? రెండే మీటలు. వద్దు అన్న మీట లేదు. ఆదివారం ఇంజినీరమ్మ అప్‌డేట్లను స్వయంగా ఆపేసింది. ఆపేయడమంటే, అడక్కుండా వేయడం మాని అడగడం మొదలుపెట్టడమని కంపెనీవారి అవగాహన.

బాబాయి ఫోన్‌ను వదిలేసి కాలు నొక్కాడు. శిక్షణ కారులో రెండో జత పెడళ్ళు ఆయన కాళ్ళ దగ్గరే ఉన్నాయి, ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాయి. కారు స్తంభానికి బెత్తెడు దూరంలో ఆగింది.

ఇనస్పెక్టరు దిగి, కారు బానెట్టు మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఇంజినీరమ్మ వెంటపడింది.

"సార్, అది యాప్ తప్పు కాదు సార్. మధ్యలో వచ్చింది కంపెనీవాళ్ళ నోటీసు. పది నిమిషాలిస్తే దాన్ని తీసేస్తాను. గొంతు పరీక్ష ఇంకొక్కసారి పెట్టండి."

"ఏ గొంతు పరీక్షమ్మా?"

"ఆయన మాట్లాడగలరా లేదా అని..."

"అవన్నీ నాకెందుకు?" అన్నాడు ఇనస్పెక్టరు. సంతకం చేసి, కాగితం ఆమె చేతిలో పెట్టి, ఇంకో బండి వైపు నడిచాడు.

కాగితంలో నాలుగు గళ్ళున్నాయి. చూపు, వినికిడి, చేతులు, కాళ్ళు. నాలుగింటికీ టిక్కు పెట్టి ఉంది.