నాలుగు సెకన్ల రుజువు

బేగంపేటలోని ఒక స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు, నెట్‌వర్కు చూసుకునే సైలస్‌కు పదిహేడేళ్ల అనుభవం ఉంది. ఒకప్పుడు ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు కూడా చెప్పాడు. అందుకే, తర్వాత జరిగినదాన్ని తెలియక చేశానని తనకు తాను సర్దిచెప్పుకోలేకపోయాడు.

అక్కడి రికార్డుల గదిలో విజయమ్మ పనిచేసేది. ఆయాగా చేరి, యాభైకి దగ్గర పడుతుండగా కంప్యూటర్ నేర్చుకుని ఆ కుర్చీ సంపాదించుకున్న మనిషి. పేషెంట్ల పాత స్కాన్లను సర్వర్ నుంచి తన కంప్యూటర్‌లోకి కాపీ చేసి, సీడీలో వేసి ఇవ్వడం ఆమె పని.

ఆ వేసవిలో సీడీలు ఆలస్యమవుతున్నాయని జనం గొడవ పడసాగారు. ఫైళ్లు తొందరగా రావడం లేదని విజయమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది. సైలస్ పట్టించుకోలేదు. చివరికి మేనేజర్ రామ్మోహనరావు వెంటబెట్టుకుని తీసుకొస్తే వచ్చాడు.

"ఏ ఫైలమ్మా?"

"గిదే సార్. ఇప్పుడే పది నిమిషాలు పట్టింది."

సైలస్ అదే ఫైలును మళ్లీ కాపీ చేశాడు. నాలుగు సెకన్లు. ఇంకోసారి చేశాడు. నాలుగే.

"చూసిన్రా సార్? నెట్‌వర్క్ మంచిగనే ఉంది," అని మేనేజర్‌తో చెప్పి, గదిలో అందరూ వినేలా ఆమెతో అన్నాడు: "ఫోన్ చూసుకుంట కూసుంటే ఫైలు రాదమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేను ఫోన్ ముట్టలే సార్," అంది విజయమ్మ. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. మర్నాటి నుంచి ఆమెను టోకెన్లు ఇచ్చే చోట నిలబెట్టారు.

మూడు వారాలు గడిచాయి. ఆ కుర్చీలోకి వచ్చిన అనుపమ అనే అమ్మాయి కూడా అదే మాట చెప్పింది. సైలస్ వెళ్లేసరికి అప్పుడే కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్లీ మొదలవుతోంది. ఒక ఫైలు కాపీకి పెట్టాడు. పదిన్నర నిమిషాలు పట్టింది. అదే ఫైలు రెండోసారి పెడితే నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో, ఫైలు వస్తుంటే మిణుకుమనాల్సిన కేబుల్ పక్కనున్న చిన్న దీపం ఒక్కసారైనా మిణుకుమనలేదు.

సైలస్ ముఖం వేడెక్కింది. ఒకసారి తెచ్చిన ఫైలును కంప్యూటర్ కొంతసేపు తన మెమరీలో దాచుకుంటుంది. మళ్లీ అడిగితే సర్వర్ దాకా పోదు, తన దగ్గరున్నదే తీసి ఇస్తుంది. కరెంటు పోతే ఆ దాచుకున్నది చెరిగిపోతుంది. దాన్నే క్యాషింగ్ అంటారు. వేగం చూడాలంటే కొత్త ఫైలు తీసుకోవాలని క్లాసులో కుర్రాళ్లకు తనే చెప్పేవాడు. ఆ రోజు విజయమ్మ పది నిమిషాలు తంటాలుపడి తెచ్చిన ఫైలుతోనే ఆమెను అబద్ధాలకోరును చేశాడు.

కేబుల్ పట్టి చూస్తే చివరి ప్లగ్గులో రెండు తీగలు సరిగా కూర్చోలేదు. ఫిబ్రవరిలో దాన్ని బిగించింది తనే. కొత్త ప్లగ్గు వేశాక, ఇంతవరకు తెరవని ఫైలు కూడా ఎనిమిది సెకన్లలో వచ్చింది.

"సూపర్ సార్ మీరు!" అంది అనుపమ. సైలస్ తలూపి బయటపడ్డాడు. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. టోకెన్లు ఇచ్చే చోటు ముందు నుంచి పోవలసి వస్తుందని వెనక మెట్లు ఎక్కి తిరిగాడు. మూడో రోజు తన మీద తనకే అసహ్యం వేసి మేనేజర్ గదికి వెళ్లి అంతా చెప్పాడు.

"పోనివ్వండి సైలస్ గారూ, ఇప్పుడవన్నీ తవ్వుకోవడం ఎందుకండీ?" అన్నాడు రామ్మోహనరావు.

ఆ మాటకు క్షణం ప్రాణం లేచి వచ్చింది. అందుకు ఇంకా సిగ్గేసింది. నేరుగా విజయమ్మ దగ్గరికి పోయాడు.

"తప్పు నాది విజయమ్మా. కేబుల్ ఖరాబుండె. నేను టెస్ట్ చేసిన తీరే తప్పు."

ఆమె చేతిలో ఉన్న టోకెన్ ముందున్న ముసలాయనకు ఇచ్చి పంపింది. "నాకు చెప్తే ఏమొస్తది సార్? నాకు ముందే ఎరుక. ఆ రూంల నలుగురి ముందట అన్నరు గద, ఆడ చెప్పున్రి."

సైలస్ చెప్పాడు. భోజనాల వేళ అందరినీ ఆ గదికి పిలిచి, మేనేజర్ ఎదుట చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. విజయమ్మ గుమ్మం దగ్గర నిలబడి చివరిదాకా విని, తిరిగి టోకెన్ల దగ్గరికి పోయింది.

సోమవారం ఆమెను పాత కుర్చీలో కూర్చోబెట్టారు. అనుపమకు పక్క గదిలో పని దొరికింది. విజయమ్మ సైలస్‌తో పనిమాట తప్ప వేరే మాట ఆడదు. ఏదైనా ఆగిపోయిందని ఆమె ఫోన్ చేస్తే, చేతిలో పని వదిలేసి వెళ్తాడు. వెళ్లి, ముందుగా ఏం జరిగిందో ఆమెనే అడుగుతాడు. ఆమె చెబుతున్నంతసేపూ నేల వైపే చూస్తుంటాడు.