రావచ్చా, కంట్రోల్?

మా వదిన గొంతు గురించి ముందు చెప్పాలి. వీధి ఈ చివర నిలబడి ఆవిడ ఎవరినైనా పిలిస్తే, ఆ చివర ఇంట్లో పడుకున్నవాళ్ళు కూడా "ఆ, వస్తున్నా" అంటూ లేచి కూర్చుంటారు. హార్బర్ వైర్‌లెస్ గదిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు, పక్క గదిలో ఫోన్ మాట్లాడుతున్న ఆఫీసరు ఆ ఫోన్ పెట్టేసి వచ్చి, "ఈవిడకి అసలు సెట్టు అవసరమా?" అన్నాడట. ఈ సంగతి వదినే గొప్పగా చెప్పుకుంటుంది. ఉద్యోగం వచ్చింది. ఆ రోజు నుంచి బోట్ల వాళ్ళకి ఆవిడ పేరు కంట్రోల్. బజారులో వంకాయలు ఏరుకుంటున్నా సరే, "ఏం కంట్రోల్, బాగున్నారా?" అనే పలకరిస్తారు.

వైర్‌లెస్ గది హార్బర్ ఆఫీసు మేడ మీద ఉండేది. మూడు వైపులా అద్దాలు, ఒక బల్ల, దాని మీద సెట్టు, గోడకి సముద్రం మ్యాపు, కాళ్ళకి చక్రాలున్న ఆఫీసు కుర్చీ. బల్లకి ఒక సొరుగు, అది ఎప్పుడూ బిగుసుకుపోయే ఉండేది. నేను కింద ఐస్ ఫ్యాక్టరీలో తూకం దగ్గర పనిచేసేదాన్ని. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని పైకెక్కి ఆవిడతో కలిసి తినడం నాకు అలవాటు. అక్కడ నేను తినేది తక్కువ, తిట్లు వినేది ఎక్కువ. తిట్లు నన్ను కాదు, మా అన్నయ్యని.

అన్నయ్య ఆవిడకి మొగుడే కాదు, మేనత్త కొడుకు కూడా. చిన్నప్పుడు గోళీల దగ్గర జుట్లు పట్టుకున్న జంట అది. అందుకని పెళ్ళయ్యాక కూడా "నువ్వు", "బావా", ఒళ్ళు మండితే "ఒరేయ్" తప్ప ఇంకో పిలుపు లేదు. మా అమ్మ మొదట్లో "కనీసం నలుగురిలోనైనా ఏవండీ అనవే తల్లీ" అని బతిమాలింది. "వాణ్ణి పట్టుకుని ఏవండీ అంటే నాకు నవ్వాగదు అత్తయ్యా" అనేసింది వదిన. అమ్మ ఆ ఆశ వదులుకుంది.

హార్బర్‌లో ఒక నియమం ఉంది. లోపలికొచ్చే ప్రతి బోటూ ముఖద్వారం దగ్గర వేగం తగ్గించి, రేడియోలో తన నంబరు చెప్పి, "రావచ్చా, కంట్రోల్?" అని అడగాలి. దారి ఖాళీగా ఉంటే వదిన "రావచ్చు" అంటుంది. అన్నయ్య బోటు ముప్పై ఏడు. "సముద్రంలోంచి రావాలన్నా దీని పర్మిషనే, గుమ్మంలోంచి రావాలన్నా దీని పర్మిషనే. ఏం బతుకురా నాది!" అని వాడు అందరి ముందూ వాపోయేవాడు. పైకి అలా అన్నా, "రావచ్చా" అని అడిగేటప్పుడు మాత్రం వాడి గొంతు పెళ్ళికొడుకు గొంతులా ఉండేది.

వాడికున్న పాడు అలవాటు ఒకటే. నడి సముద్రంలోకి వెళ్ళగానే రేడియో కట్టేసేవాడు. "ఇంట్లో నీ గొంతే, అక్కడా నీ గొంతేనా?" అనేవాడు. తిరిగొచ్చేటప్పుడు ముఖద్వారం కనిపించాకే మళ్ళీ పెట్టేవాడు. ఆ రోజు పొద్దున జరిగిన గొడవ దాని మీదే. మాటా మాటా పెరిగింది. వాడు వలల మూట భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే, వదిన గుమ్మంలో నిలబడి, "రేడియో కట్టేసుకుని తిరిగేవాడివి, ఏ గంగలో దూకుతావో దూకు! ఇంటికి మాత్రం రాకు!" అని అరిచింది. ఆ గొంతుతో అరిస్తే ఇంకేముంది, వీధి వీధంతా విన్నది. అన్నయ్య వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మేము డబ్బాలు విప్పామో లేదో, ఖాళీగా ఉన్న చక్రాల కుర్చీ దానంతటదే మెల్లగా గోడ వైపు జరిగింది. "వదినా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాను. బల్ల మీదున్న సీసాలో నీళ్ళు అటూ ఇటూ ఒరుగుతున్నాయి. వదిన వాటినే చూస్తోంది. ఊగడం గట్టిగా లేదు గానీ, ఎంతకీ ఆగలేదు. అదే నన్ను భయపెట్టింది.

ఆవిడ డబ్బా మూత పెట్టకుండానే సెట్టు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఎందుకంత కంగారు పడిందో నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది సునామీ హెచ్చరికల శిక్షణకి వెళ్ళొచ్చి, నేర్చుకున్నదంతా నా మీద ప్రయోగించింది కదా. భూమి పైపెంకు ఒకటే ముక్క కాదట, పెద్ద పెద్ద పలకలుగా ఉంటుందట, అవి గోళ్ళు పెరిగినంత నెమ్మదిగా కదులుతూనే ఉంటాయట. "పలకలంటే మన బడి పలకలా?" అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఆ బిగిసిన సొరుగుని పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. "చూడు, రావట్లేదు. అలాగని నా బలం ఎక్కడికీ పోలేదు, ఆ చెక్కలోనే కూర్చుంది. సముద్రం అడుగున ఒక పలక ఇంకోదాని కిందకి దూరుతూ ఇలాగే ఇరుక్కుంటుంది. ఏళ్ళ తరబడి ఇరుక్కునే ఉంటుంది." అంటూ ఇంకా లాగింది. సొరుగు ఒక్కసారిగా ఊడొచ్చింది, బల్ల అదిరింది, నా ముందున్న టీ గ్లాసు నా ఒళ్ళో పడింది. "అదిరింది చూశావా, అది భూకంపం. నీ ఒళ్ళో పడింది సునామీ" అంది వదిన, ఏమీ ఎరగనట్టు. ఆ చీర మీద మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు.

సెట్టులో హెచ్చరిక రానే వచ్చింది. దూరంగా సముద్రం అడుగున పెద్ద భూకంపం, రెండు గంటల లోపు అలలు ఒడ్డుకి చేరవచ్చు, తీరం ఖాళీ చేయండి. హార్బర్ ఆఫీసరు సైరన్ మోగించి, కింద అందరినీ వెనకున్న కొండ మీదికి తరమడం మొదలుపెట్టాడు. వదిన మైకు అందుకుంది. "అన్ని బోట్లకీ కంట్రోల్. హార్బర్‌కి రావద్దు. లోతు నీళ్ళలోకి వెళ్ళండి. యాభై బారల లోతు దాటాక ఆగండి."

తుఫాను వస్తే ఒడ్డుకి పరిగెత్తడం బోటు వాళ్ళకి చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన సంగతి. ఇది దానికి సరిగ్గా తలకిందులు. గాలికి లేచే అల సముద్రం పైన పైనే దొర్లుతుంది. ఇది అలా కాదు, అడుగు నుంచి పైదాకా మొత్తం నీటినీ కదిలిస్తుంది. లోతున్న చోట విమానంలా పరిగెడుతుంది గానీ ఎత్తు మాత్రం మోకాలంత కూడా ఉండకపోవచ్చు. లోతు తగ్గేకొద్దీ ముందు నీళ్ళు నెమ్మదిస్తాయి, వెనక నీళ్ళు ఆగకుండా వచ్చి వాటి మీద పడతాయి. అందుకని ఆ పూట చావు హార్బర్‌లో ఉంటుంది, బతుకు నడి సముద్రంలో ఉంటుంది. మా దగ్గర సముద్రం ఒడ్డు నుంచే గబగబా లోతవుతుంది కాబట్టి తిరిగిన బోట్లకి సమయం చాలుతుంది.

ఒక్కో బోటూ జవాబిచ్చింది. ముప్పై ఏడు మాత్రం పలకలేదు. వదిన పిలిచింది, మళ్ళీ పిలిచింది, తిట్టి పిలిచింది. చివరికి వేరే బోటు డ్రైవరు అందుకున్నాడు. "కంట్రోల్, ముప్పై ఏడు ఇందాకే మా పక్కనుంచి ఒడ్డు వైపు పోయింది. వెనక్కి తిరగమని చెయ్యి ఊపాం."

"ఊపితే?"

"వాడూ ఊపాడు."

ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని. ఆ రోజు అద్దం దగ్గరికి పరిగెత్తి సముద్రం వంక చూశాను. బోటులో వాడితో పాటు ఇంకో ముగ్గురున్నారు.

ఆఫీసరు మెట్ల మీంచి కేకేశాడు, "అమ్మా, ఇక కొండెక్కండి, చేతి సెట్టు తీసుకోండి!" వదిన కుర్చీలోంచి లేవలేదు. "ముఖద్వారం దగ్గరికొచ్చి వాడు అడుగుతాడు. వద్దని చెప్పడానికి నేనుండాలి కదా" అంది. "కొండ మీంచైతే ఇంకా బాగా వినిపిస్తుంది, రండి" అని ఆయన చేతి సెట్టు ఆవిడ చేతిలో పెట్టాడు. నేను రెక్క పట్టుకుని లాగాను. ఎక్కుతున్నంతసేపూ ఆవిడ ఆయాసపడుతూనే "ముప్పై ఏడు, ముప్పై ఏడు" అంటూనే ఉంది.

కొండ మీద లైట్‌హౌస్ అరుగు దగ్గరికి చేరేసరికి నీలం రంగు క్యాబిన్ నా కంటపడింది. అన్నయ్య బోటు. తిన్నగా ముఖద్వారం వైపే వస్తోంది. సముద్రం ఎంత నెమ్మదిగా ఉందంటే, చూస్తే కోపం వచ్చేలా ఉంది. సెట్టు గరగరలాడింది.

"ముప్పై ఏడు. రావచ్చా, కంట్రోల్?"

"రావద్దు! వెనక్కి తిరుగు! సముద్రంలోకి పో!"

అటు నుంచి నవ్వు. "పొద్దుటి కోపం ఇంకా దిగలేదా? చూడు, రేడియో పెట్టాను కదా. నీ కోసమే పెందలాడే తిరిగొస్తున్నా."

"బావా, సునామీ వస్తోంది! తిరుగు!"

"నిజంగా అలే వస్తుంటే లోపలికి రమ్మంటారు గానీ, బయటికి పొమ్మంటారా ఎవరైనా? పొద్దున గంగలో దూకమన్నావు, ఇప్పుడు సముద్రంలోకి పొమ్మంటున్నావు. మంచి కథే అల్లావు. వచ్చేస్తున్నా."

"ఒరేయ్, చచ్చిపోతావురా!"

"ఇంటికొచ్చాక చంపుదువుగాని."

నాకు ఏడుపొచ్చేసింది. పొద్దున అన్న మాటే మళ్ళీ అంటోంది ఆవిడ, వాడు పొద్దుటి అర్థమే తీసుకుంటున్నాడు. ఎంత గట్టిగా అరిస్తే వాడికి అంత అలవాటైన గొంతు వినిపిస్తోంది. బోటు ముఖద్వారానికి ఇంకా దగ్గరైంది. తిరిగితే ఇప్పుడే తిరగాలి.

వదిన మీట మీంచి వేలు తీసింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ నొక్కినప్పుడు వచ్చిన గొంతు నేను పుట్టిన దగ్గర్నుంచీ విననిది. పక్కనున్న నాకే సరిగా వినిపించనంత చిన్నగా ఉంది.

"ఏవండీ" అంది. "మీరు వెనక్కి తిరగండి. మీకు దణ్ణం పెడతాను. లోతులోకి వెళ్ళిపోండి."

సెట్టులో ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత అన్నయ్య గొంతు వచ్చింది. "ఏమైందే? ఏమైంది నీకు?" వెంటనే, "తిరుగుతున్నా, తిరుగుతున్నా" అన్నాడు. నీలం క్యాబిన్ పక్కకి ఒరిగి, మాకు వీపు చూపించింది. వాడికి తిట్లంటే ఏ రోజూ భయం లేదు. మర్యాదకి హడలిపోయాడు.

ఆ బోటు చుక్కంత అయిపోయిన చాలాసేపటికి హార్బర్‌లో నీళ్ళు వెనక్కి పోవడం మొదలైంది. ఎన్నో ఏళ్ళు అక్కడ పనిచేసినా దాని అడుగెలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. బురద, పాత టైర్లు, తుప్పు పట్టిన లంగర్లు, పక్కకి ఒరిగిపడిన బోట్లు. కొండ వాలులో బాగా కింద నిలబడ్డ కొందరు అదేదో వింతలా చూడ్డానికి దిగబోయారు. వదిన సెట్టు నాకిచ్చి, అరుగు అంచున నిలబడి, "పైకి రండి!" అని ఒక్క కేక పెట్టింది. అంత దూరంలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి పరిగెత్తారు. ఇంటర్వ్యూ రోజు ఆఫీసరు అన్న మాట నిజమే, ఆ గొంతుకి సెట్టు అక్కర్లేదు.

సముద్రం తిరిగొచ్చింది. నేననుకున్నట్టు గోడలా లేచి విరిగిపడలేదు. మొత్తం సముద్రమే లోపలికి నడిచొచ్చినట్టు వచ్చి, ఎంతకీ ఆగలేదు. ఐస్ ఫ్యాక్టరీ రేకులు లేచిపోయాయి. వైర్‌లెస్ గది అద్దాలు ఒక్కసారి తళుక్కుమని మాయమయ్యాయి. నీళ్ళు మా వీధిలోకి మళ్ళాయి. అమ్మతో సహా వీధివాళ్ళంతా అప్పటికే కొండెక్కేశారు, ఇళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి. అప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను.

సరిగ్గా ఆ సమయంలో నా చేతిలో సెట్టు మోగింది. "కంట్రోల్, యాభై బారలు దాటేశాం. ఇక్కడేమీ లేదే! పళ్ళెంలో నీళ్ళు పోసినట్టుంది. ఆ అలేదో ఎప్పుడొస్తుంది?"

వదిన సెట్టు తీసుకుని కింద నురగలు కక్కుతున్న వీధిని చూస్తూ, "వచ్చేసింది. నీ కిందనుంచే వెళ్ళింది" అంది. అప్పుడు కూర్చుంది. సెట్టుని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

అన్నయ్య తిరిగొస్తానని గోల చేశాడు. ఆవిడ ఒప్పుకోలేదు. సునామీ అంటే ఒక అల కాదు, మొదటిదే పెద్దదన్న నమ్మకమూ లేదు. రెండోది ఇంకా ఎత్తుగా వచ్చి, మొదటిది వదిలేసినవాటిని కూడా పట్టుకుపోయింది. "ఎప్పటిదాకా ఇక్కడ?" అని వాడు అడిగినప్పుడల్లా "నేను చెప్పేదాకా" అంది. ఆఫీసరు బ్యాటరీలు తెచ్చిస్తూ ఉంటే, తెల్లవార్లూ ఒక్కో బోటునీ నంబరు పెట్టి పలకరిస్తూనే ఉంది. "ఏవండీ" అన్న మాట మాత్రం ఆ తర్వాత మళ్ళీ వాడలేదు. చాలా ఏళ్ళకి ఒకసారి సరదాగా అంటే, అన్నయ్య చేతిలో గ్లాసు జారి పగిలింది.

ప్రమాదం తప్పిందని పొద్దున కబురొచ్చింది. జెట్టీ లేదు కాబట్టి, రాళ్ళ వైపు నుంచి ఒక్కో బోటునే రమ్మని పిలిచింది. అన్నయ్యది ఆఖరున వచ్చింది.

"ముప్పై ఏడు. రావచ్చా, కంట్రోల్?" ఈసారి గొంతులో నవ్వు లేదు.

"రావచ్చు."

అందరూ వింటుండగానే అడిగాడు. "ఇంటికి కూడా రావచ్చా?"

కొండ మీంచి మా వీధి కనిపిస్తోంది. మా ఇల్లుండాల్సిన చోట గుమ్మం ముందు మెట్లు మాత్రం మిగిలాయి, నిన్న పొద్దున వాడు దిగి వెళ్ళిన మెట్లు. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. వదిన ఏడవలేదు. ఆ మెట్ల వంకే చూస్తూ మీట నొక్కింది.

"ఇల్లే గంగలో దూకింది బావా. నువ్వు రా."