సొంత జనం ముందు మా చిన్నబాపు

నా చిన్నప్పుడు సూరత్‌లో మా గల్లీ జట్టు ఫుట్‌బాల్ ఆడుతుంటే పదివేల మంది చూసేవాళ్లు. అబద్ధం. వెయ్యి మంది. సరే, అదీ కాదు, మా తెలుగు గల్లీలో కాళ్లున్నవాళ్లందరూ, ఒకరిద్దరి మేకలూ. మనవళ్లకు చెప్పేటప్పుడు మాత్రం పదివేలకు తగ్గను.

మైదానమంటే సాంచెల షెడ్ల వెనక ఖాళీ జాగా. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. తెలంగాణ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన మా అందరికీ అవే బతుకు. జాగా పక్కనే రంగుల కార్ఖానా కాలువ పారేది. బంతి అందులో పడితే ఆ రోజు ఏ రంగు వదిలారో ఆ రంగుతో బయటికొచ్చేది.

సూరత్ శివార్లలోని ఇచ్ఛాపూర్ వైపు పోయి ఆడితే తల దించుకుని వచ్చే మా జట్టు, సొంత జాగాలో మాత్రం ఎవరికీ లొంగేది కాదు. అదంతా జనం మహిమ. నేతలో అటూ ఇటూ పరుగెత్తే చెక్క నాడెలు అరిగిపోతే పారేయకుండా దాచేవాళ్లం. ఆట రోజున చేతికొకటి పట్టుకుని అందరం ఒక్కసారి టకటకలాడిస్తే, వంద సాంచెలు మీదికొచ్చినట్టుండేది. ఆ చప్పుడుకు ఒకసారి అవతలి జట్టువాడు పెనాల్టీ కొట్టబోయి కాలువలో పడ్డాడు. నిజానికి పడింది బంతి. కానీ వాడి మొహం చూస్తే వాడే పడ్డట్టుండింది.

గోల్ దగ్గర నిలబడేది మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు. పసితనం నుంచీ సాంచెల మధ్యే పని చేయడంతో ఆయనకు వినికిడి చాలావరకు పోయింది. షెడ్డులో ఎలాగూ ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. అందుకే అక్కడివాళ్లంతా గొంతు వాడకుండా నోరు మాత్రం కదుపుతారు, ఎదుటివాళ్లు పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. షెడ్డు ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు నిలబడి చాయ్ గురించీ, సేఠు కోపం గురించీ హాయిగా ముచ్చట పెట్టుకునేవాళ్లు. ఆ విద్యలో చిన్నబాపును మించినవాడు లేడు.

ఒక సెలవు రోజున మా ఆట చూడటానికి పెద్ద మిల్లు నుంచి ఒక సాహెబు వచ్చాడు. వాళ్ల జట్టుకు గోల్‌కీపర్ కావాలట. నచ్చితే మిల్లు గేటు దగ్గర నౌకరీ ఇస్తారట. గేటు దగ్గరంటే చప్పుడు ఉండదు. మిగిలిన ఆ కాస్త వినికిడైనా దక్కుతుందని మా తాత ఆశ. పొద్దున్నే చిన్నబాపు భుజం మీద చెయ్యి వేసి, “జర మంచిగ ఆడు కొడుకా, గీ సాంచెల నుంచి బయటవడు” అన్నాడు.

మా జట్టులో ఆ రోజు ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఆడాడు. సాంచె ఎక్కి ఇంకా నెల కాలేదు. బంతి గోల్ వైపు ఎగిరి వస్తుంటే చిన్నబాపు పట్టుకోవడానికి ముందుకురికాడు, వాడు వెనక నుంచి “ఇడిచిపెట్టన్నా, నేను కొడ్త!” అని అరిచాడు. మాలో పాతవాడైతే అరవడు, ముందుకొచ్చి చెయ్యి చూపిస్తాడు. చిన్నబాపుకు ఏం తెలుసు? ఇద్దరూ ఢీకొని పడ్డారు. బంతి తీరిగ్గా దొర్లుకుంటూ గోల్‌లోకి పోయింది.

అప్పటిదాకా ఆయన కోసం మోగిన నాడెలు ఆగిపోయాయి. నోళ్లు లేచాయి.

“చెవిటోన్ని ఎవడు నిలవెట్టిండు బే?”

“అమ్ముడువోయిండు! మన ఇజ్జత్ తీసిండు!”

“ఇంట్ల కూసో పోరా!”

అందరూ అంటుంటే నా నోట్లోకీ ఏదో వచ్చింది. అది బయటపడకముందే మా తాత అరచెయ్యి నా మూతి మీద పడింది.

“ఆయనకు ఇనవడదు గద తాతా?” అన్నాను ఆ చెయ్యి తప్పించుకుని.

“ఇనవడదు బిడ్డా. కనవడ్తది.”

అప్పుడు చూశాను. చిన్నబాపు బంతిని చూడటం లేదు. మమ్మల్ని చూస్తున్నాడు. వరసగా ఒక్కొక్క మొహాన్నీ చదువుకుంటూ పోతున్నాడు. రోజంతా పెదవులతోనే మాట్లాడుకునే మేము, కోపంలో ఆ సంగతే మరిచిపోయాం. ఆయన మా వైపు చూస్తుండగానే రెండో బంతి లోపలికి పోయింది. మిల్లు సాహెబు లేచి, ప్యాంటు దులుపుకుని వెళ్లిపోయాడు.

తాత నా చెయ్యి పట్టుకుని జనాన్ని దాటి, మైదానం అంచు వెంట నడిచి, చిన్నబాపుకు ఎదురుగా కనబడేచోట నిలబడ్డాడు. గొంతు లేకుండా నోరు కదిపాడు. నేనూ ఆ గల్లీ పిల్లాణ్ణే, చదవగలిగాను. ‘నేనీడున్న. నన్ను సూడు.’ అదే మాట, మళ్లీ మళ్లీ.

ఆ తర్వాత చిన్నబాపు ఏడు బంతులు ఆపాడని నేను అందరికీ చెబుతాను. ఆపింది ఒక్కటే. కానీ అడ్డంగా గాల్లోకి లేచి, వేలి కొసలతో ఆపాడు. అదే జనం మళ్లీ నాడెలు మోగించారు, పేరు పెట్టి పిలిచారు. ఆయన అటు తిరగలేదు. ఆట ఓడిపోయాం.

మర్నాడు మళ్లీ సాంచె దగ్గరికే పోయాడు. తర్వాత మిల్లువాళ్లు కబురు పెట్టారని కూడా నేను చెబుతుంటాను. ఎవరూ పెట్టలేదు. కొన్నేళ్లకు ఆ మిగిలిన వినికిడీ పోయింది. అంతకంటే ముందే ఆయన మనుషుల మొహాలు చూడటం మానేశాడు. మాట్లాడబోతే తల దించుకునేవాడు. అమ్మ భుజం తట్టి కంచం పెడితే తినేవాడు. ఒక్క తాత ఎదురుగా కూర్చుంటే మాత్రం కళ్లెత్తేవాడు. తాత పోయాక అదీ లేదు.

చివరి రోజుల్లో కోసాడ్‌లో మా ఇంట్లోనే ఉన్నాడు. నేను మంచం పక్కన కూర్చుని, గొంతు లేకుండా, ‘ఆ దినం మంచిగ ఆడినవ్ చిన్నబాపూ’ అన్నాననీ, ఆయన నా మొహం చూసి నవ్వాడనీ మనవళ్లకు చెప్పాను. నేను ఆ మాట అన్నది నిజం. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. నేను లేచి అటు వెళ్లేసరికి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఇప్పుడు మా మనవడి ఆట చూడటానికి కామ్‌రేజ్ దాకా పోతుంటాను. మావైపు పిల్లాడెవడైనా బంతి వదిలేస్తే, మావాళ్లే కుర్చీల్లోంచి లేచి వాణ్ణి తిడతారు. నేను మోకాళ్లు పట్టుకుని లేచి, గీత వెంట నడిచి, వాడికి ఎదురుగా పోయి నిలబడతాను. వాడు నా మనవడు కాకపోయినా సరే. వాడు తలెత్తి నా మొహం చూసేదాకా అక్కడి నుంచి కదలను.