మూడు గీతల యూనియన్

మా బావ దయానందానికి రెండు గొప్పలున్నాయి. తను బిగించిన జాయింటు ఏనాడూ ఒక్క బొట్టు కారలేదన్నది మొదటిది. ఇత్తడి ముక్క ఏదైనా చేతిలో పెడితే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తానన్నది రెండోది. మొదటిది వినీ వినీ మా అక్క పుష్పకుమారికి చెవులు చిల్లులు పడ్డాయి. రెండోది మాత్రం నిజమేనని నేనూ ఒప్పుకుంటాను.

ఆయన ప్లంబరు పని మానేసి ఆరేళ్లయింది. ఈ మధ్య ఆ రెండో గొప్పకు మళ్లీ గిరాకీ వచ్చింది. పోర్టులో క్రేన్ నడిపే అశోక్ ఆన్‌లైన్లో మెటల్ డిటెక్టరు తెప్పించుకున్నాడు. సెలవు దొరికితే చాలు, ఇళ్లు కూల్చిన స్థలాల్లో తిరుగుతూ, అది కూసిన చోటల్లా తవ్వుతాడు. బంగారం మాట దేవుడెరుగు, దొరికేవన్నీ కుళాయి ముక్కలే. ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి అశోక్ సంచీతో సహా మా బావ ఇంటి అరుగు మీద ఉంటాడు.

"ఇదేటి అంకులూ? రాజుల కాలం ముద్రలాగుంది."

"ముద్ర కాదు, నీ మొకం. కుళాయి తల అది. సెవులున్నాయి సూడు, తిప్పడానికి."

బావ దాన్ని నేలకు తట్టి మోత వింటాడు, బరువు చూస్తాడు, గోటితో మట్టి గీకి మరచుట్లు లెక్కపెడతాడు. అప్పుడుగానీ తీర్పు చెప్పడు.

మొన్న ఆదివారం అశోక్ తెచ్చింది పిడికిలంత ఇత్తడి ముద్ద. మా కొండవాలు వీధిలో మెట్ల పక్కన, కాలువ కోసం తవ్విన మట్టిలో దొరికిందట. బావ మట్టి గీకగానే అంచున ఆకురాయితో కోసిన మూడు గీతలు బయటపడ్డాయి.

"ఓర్నాయనో! ఇది నా యూనియనే! పుష్పా, ఇలా రాయే!"

రెండు పైపుల్ని కలిపే బిగింపు అది. మూడు గీతలు ఆయన సంతకం. పిత, పుత్ర, పరిశుద్ధాత్మ అని పెళ్లైన కొత్తలో మా అక్కకు చెప్పాడట.

లోపలి పనితనం కూడా చూపిస్తానని రెంచీ తెచ్చి విప్పాడు. లోపల పాత చెప్పు తోలుతో కోసిన వాషరుంది. దాని నడుమ చిటికెనవేలు దూరేంత రంధ్రం ఉండాలి. ఉన్నది పెసరగింజంత.

బావ వాషరును వెలుగుకు పట్టి చూశాడు. ఆ యూనియన్ నుంచి నీళ్లు వెళ్లింది ఒక్క ఇంటికే. డెబ్బై రెండు మెట్ల పైన, పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చిన దాలయ్య కట్టుకున్న ఇంటికి. ఆయన భార్య చిలకమ్మ కుళాయి సన్నగా వస్తోందని మూడుసార్లు వచ్చి మొరపెట్టుకుంది. "మీ ఇల్లు ఎత్తులో ఉందప్పా. కొండని నాను దించగలనా?" అని మూడుసార్లూ పంపేశాడు బావ. కొత్త లైను పడేదాకా పదకొండేళ్లు ఆవిడ కింద వీధి కుళాయి నుంచి బిందెలు మోసింది.

"బొక్క ఇంత సన్నగుందేటి అంకులూ?" అన్నాడు అశోక్.

ఒక్క అబద్ధంతో పోయేది. అక్క మొగుడి పరువు కదా, నేనే అందించాను. "తోలు కదా, ముడుసుకుపోయుంటాది."

బావ నా వైపు కోపంగా చూశాడు. "తోలు తప్పేటీ నేదు. ఆవేళ నీ పెళ్లి. బస్సు ఎల్లిపోతాదని తొందరగా కోసీసాను."

వాషరు జేబులో వేసుకుని మెట్లెక్కాడు. నేనూ అశోక్ వెనకే వెళ్లాం. గోంగూర ఒలుచుకుంటున్న చిలకమ్మకు దాన్ని ఇచ్చి జరిగింది చెప్పాడు. ఆవిడ దాన్ని కంటికి ఆనించుకుని బావను చూసింది.

"ఇందులోంచి నీ ముక్కు కూడా పూర్తిగా అగుపడ్డం నేదు."

మాకు నవ్వొచ్చింది. ఆవిడకు రాలేదు.

"కొండ మీద కట్టాడని మా ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టానో నీకు తెలీదు. పోయినాక కూడా తిట్టాను దయానందం."

బావ తల దించుకున్నాడు. ఆవిడ లోపలికెళ్లి ఇత్తడి బిందె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"కింద కుళాయి ఇంకా ఉంది."

అశోక్ సాయం పట్టబోతే బావ కసిరాడు. బిందె నింపుకుని పైకి వచ్చేసరికి నాలుగుసార్లు ఆగాడు, చొక్కా సగం తడిసిపోయింది. చిలకమ్మ పైటకొంగు ఆ నీళ్లలో ముంచి, గోడ మీది దాలయ్య ఫొటో అద్దం తుడిచింది.

"ఇన్నావా? తప్పు నీది కాదంట."

బిందెలో మిగిలిన నీళ్లు గోంగూర మడిలో పోసి, ఖాళీ బిందె బావకు అందించింది.

"అది ఆయనకి. ఇప్పుడు నాకో బిందె తే."